మిల్లు గేటుకు అంటించిన కాగితంలో ఏ మాట ఉంది?

గుంటూరు చుట్టుపక్కల ఒక నూలు మిల్లు ఆగిపోతే ఆ సంగతి ముందుగా తెలిసేది ఉదయం షిఫ్టుకు క్యారియరు పట్టుకొని వచ్చిన కార్మికుడికే. గేటు వేసి ఉంటుంది. పక్క గోడకో, వాచ్‌మన్ గది అద్దానికో యాజమాన్యం సంతకంతో ఒక కాగితం అంటించి ఉంటుంది. దాన్ని చదివినవాళ్లు చదవనివాళ్లకు చెప్పే మాట ఒక్కటే: మిల్లు మూశారు. మాట్లాడుకునేటప్పుడు ఆ మాట సరిపోతుంది, చట్టానికి మాత్రం సరిపోదు. లేఆఫ్, లాకౌట్, మూసివేత అన్న మూడింటిలో ఏ మాట ఆ కాగితం మీద ఉందన్నదానిపైనే కార్మికుడికి పరిహారం వస్తుందా, గ్రాట్యుటీ (సేవ ముగిసినప్పుడు యజమాని ఇవ్వవలసిన మొత్తం) ఎప్పుడు వస్తుంది, ఈఎస్ఐ (కార్మిక బీమా) భృతి దక్కుతుందా అన్నవన్నీ ఆధారపడి ఉంటాయి. ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి రావలసిన డబ్బులో సగానికి పైగా ఈ మూడు మాటల మధ్యనే జారిపోతోందని, అలా జారిపోవడానికి వీలుగానే చాలా మిల్లులు మూతపడుతున్నాయని నా అభిప్రాయం. అదెలా జరుగుతుందో వివరంగా చూడవలసిన అవసరం ఉంది.

మూడు మాటలు

లేఆఫ్ అంటే తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం. ముడిసరుకు లేకపోయినా, కరెంటు లేకపోయినా, యంత్రం పాడైనా, అమ్ముడుపోని సరుకు పేరుకుపోయినా యజమాని లేఆఫ్ ప్రకటించవచ్చు. ఆ రోజులకు మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో సగం పరిహారంగా చెల్లించాలి. అయితే ఈ నియమం 50 మంది కంటే తక్కువ పనిచేసే చోట వర్తించదు. ఏడాదిలో కొన్ని నెలలే నడిచే కర్మాగారాలకూ వర్తించదు. గుంటూరు, పల్నాడు జిల్లాల్లో పత్తి సీజనుతో పాటే మొదలై దానితో పాటే ఆగే జిన్నింగ్ మిల్లుల (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లుల) కార్మికులు ఇక్కడే చట్టం గడప దాటి బయటే నిలబడిపోతారు. మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఏడాది నిరంతర సేవ, అంటే సాధారణంగా 240 పనిదినాలు, నిండని వాళ్లదీ అదే పరిస్థితి.

లాకౌట్ వేరు. సమ్మె కార్మికుడి చేతిలో ఆయుధమైతే లాకౌట్ యజమాని చేతిలో ఆయుధం. వివాదంలో ఒత్తిడి తేవడానికి పనిస్థలాన్ని మూసి ఉంచడమే అది. ఇందులో ఉద్యోగం పోయినట్టు కాదు, జీతం మాత్రం రాదు. లాకౌట్ చట్టవిరుద్ధమని తేలితే ఆ కాలపు వేతనం అడగవచ్చు గానీ, అలా తేల్చవలసింది కార్మిక వివాదాలు వినే ట్రిబ్యునల్. అక్కడ సంవత్సరాలు పడుతుంది.

మూసివేత అంటే శాశ్వతంగా ఆపేయడం. 50 లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట 60 రోజుల ముందే ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలి. ఏడాది నిరంతర సేవ పూర్తయిన ప్రతి కార్మికుడికి, చేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ నియమాలు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేవి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ దాదాపు అదే రూపంలో కొనసాగుతున్నాయి.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే యజమాని తరపు లెక్క తేలికగా అర్థమవుతుంది. మూసివేత అని రాస్తే డబ్బు కట్టాలి, నోటీసు ఇవ్వాలి, పెద్ద మిల్లు అయితే ప్రభుత్వ అనుమతి కూడా తెచ్చుకోవాలి. లాకౌట్ అని రాస్తే ఆ డబ్బూ అక్కరలేదు, ఆ అనుమతీ అక్కరలేదు. అందుకే మన రాష్ట్రంలో జనపనార మిల్లుల గేట్ల మీద లాకౌట్ నోటీసు నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. చట్టం దృష్టిలో ఆ మిల్లు మూతపడలేదు, కార్మికుడికి మాత్రం అది మూతపడి చాలాకాలమైంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే బకాయిలు మాయమవుతాయి.

రాజీనామా కాగితం

అంకెలతో చెబితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 22 సంవత్సరాల సేవ ఉన్న ఒక కార్మికుడి నెల వేతనం, మూలవేతనం కరువు భత్యం కలిపి, 18,000 రూపాయలు అనుకుందాం. గ్రాట్యుటీ లెక్కలో నెలకు 26 పనిదినాలు కాబట్టి 18,000ను 26తో భాగించి, 15తో, ఆపై 22తో గుణించాలి. అది సుమారు 2,28,460 రూపాయలు అవుతుంది. మూసివేత పరిహారం లెక్కలో 15 రోజులంటే సగం నెల వేతనం కాబట్టి 9,000 చొప్పున 22 సంవత్సరాలకు 1,98,000 రూపాయలు. ఇవి రెండూ వేర్వేరు హక్కులు, ఒకటి ఇచ్చారని రెండోది ఎగ్గొట్టడానికి వీల్లేదు.

మూడోది చాలామందికి తెలియని హక్కు. ఈఎస్ఐ పరిధిలో ఉన్న కార్మికుడు మూసివేత వల్లనో, రిట్రెంచ్‌మెంట్ (మిగులు సిబ్బంది అని తీసేయడం) వల్లనో ఉద్యోగం కోల్పోతే, 2005లో మొదలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద నిరుద్యోగ భృతికి అర్హుడు. కనీసం రెండు సంవత్సరాలు చందా కట్టి ఉండాలి. మొదటి 12 నెలలు వేతనంలో 50 శాతం, తరువాతి 12 నెలలు 25 శాతం వస్తుంది. ఆ కాలంలో కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కూడా కొనసాగుతుంది. ఈఎస్ఐ వేతన పరిమితి 21,000 కాబట్టి మన ఉదాహరణలోని కార్మికుడు ఇందులోకి వస్తాడు. అతనికి మొదటి ఏడాది సుమారు 1,08,000, రెండో ఏడాది 54,000, మొత్తం 1,62,000 రూపాయలు రావాలి.

ఇప్పుడు అదే కార్మికుడిని లాకౌట్ నోటీసు ముందు నిలబెట్టి చూడండి. మూసివేత జరగలేదు కాబట్టి పరిహారం లేదు. సేవ ముగియలేదు కాబట్టి గ్రాట్యుటీ చెల్లించే సమయం రాలేదు. లాకౌట్ కాలానికి ఈఎస్ఐ భృతి వర్తించదు. మొదటి నెల కిరాణా కొట్టులో పద్దు నడుస్తుంది, రెండో నెల చీటీ పాట కట్టలేక పక్కింటివాళ్లకు ముఖం చూపించలేని స్థితి వస్తుంది, మూడో నెల పిల్లల ఫీజు వస్తుంది. అప్పటికి ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేసి, రాజీనామా రాసిస్తే గ్రాట్యుటీ, పీఎఫ్ వెంటనే సెటిల్ చేస్తామని చెబుతారు. అందులో అబద్ధం ఏమీ లేదు. రాజీనామా చేస్తే గ్రాట్యుటీ నిజంగానే వస్తుంది. అది 30 రోజుల్లో చెల్లించవలసిన బాకీయే. కానీ తనంతట తాను మానుకున్నవాడికి మూసివేత పరిహారం రాదు, ఈఎస్ఐ భృతి రాదు. ఆ ఒక్క సంతకంతో 1,98,000, 1,62,000 కలిపి 3,60,000 రూపాయల హక్కు పోతుంది.

మా మేనమామ ఒక నూలు మిల్లులో రింగు ఫ్రేముల (నూలు వడికే యంత్రాల) దగ్గర పనిచేసేవాడు. మిల్లు ఆగిన నాలుగో నెలలో ఆయన రాజీనామా మీద సంతకం పెట్టాడు. ఆయన అమాయకుడు కాదు, యూనియన్ మీటింగులకు వెళ్లిన మనిషి. ఆ వారం మా అత్తయ్యకు ఆపరేషను ఉంది, చేతిలో డబ్బు లేదు, అంతే. హక్కు ఉన్నదని తెలియడం వేరు, దాని కోసం ఆరు నెలలు ఆగగలగడం వేరని నాకు ఆ రోజు అర్థమైంది. కార్మిక చట్టాల గురించి రాసేవాళ్లు కార్మికులకు అవగాహన లేదని తరచుగా అంటారు. అది సగం నిజమే. మిగతా సగం, ఆ ఆరు నెలలు ఇంటికి అన్నం ఎవరు పెడతారన్న ప్రశ్న.

ఆ ప్రశ్నకు పీఎఫ్ పథకంలో చాలాకాలంగా ఒక చిన్న సమాధానం ఉంది. ఫ్యాక్టరీ 15 రోజులకు మించి మూతపడి, పరిహారం ఏదీ అందకుండా కార్మికులు ఖాళీగా ఉంటే, లేదా వరుసగా రెండు నెలలు జీతం రాకపోతే, తన వాటా సొమ్ము నుంచి తిరిగి కట్టనక్కరలేని అడ్వాన్సు తీసుకోవచ్చు. దానికి రాజీనామా అవసరం లేదు. రాజీనామా రాసేముందు ప్రతి కార్మికుడూ ఈ దారి చూసుకోవాలి. అలాగే యూఏఎన్ అనే పీఎఫ్ ఖాతా నంబరుతో పాస్‌బుక్ తెరిచి, జీతంలో కోసుకున్న ప్రతి నెల చందా జమ అయిందో లేదో చూసుకోవాలి. కష్టాల్లో పడ్డ కంపెనీ మొట్టమొదట ఆపేది పీఎఫ్ జమనే. మిల్లు మూతపడబోతోందన్న సూచన గేటు మీదకు రావడానికి ఎంతో ముందే పాస్‌బుక్‌లో కనిపిస్తుంది.

పరిహారం తగ్గించడానికి ఇంకొక సందు కూడా ఉంది. యజమాని చేతిలో లేని అనివార్య పరిస్థితుల వల్ల మూసివేత జరిగితే పరిహారం మూడు నెలల సగటు వేతనానికి మించనక్కరలేదని చట్టం అంటుంది. మన ఉదాహరణలో అది 1,98,000 నుంచి 54,000కు పడిపోతుంది. కానీ ఆర్థిక ఇబ్బందులు, నష్టాలు, అమ్ముడుపోని సరుకు, లీజు గడువు ముగియడం వంటివి మాత్రమే కారణమైతే వాటిని అనివార్య పరిస్థితులుగా లెక్కించకూడదని అదే చట్టం స్పష్టం చేసింది. నష్టాలు వచ్చాయి కాబట్టి మూడు నెలలే ఇస్తామని చెబితే అంగీకరించనక్కరలేదు.

వందా, మూడు వందలా

పెద్ద కర్మాగారం మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న నియమం 1976లో వచ్చింది. అప్పుడు పరిమితి 300 మంది. మూసివేత అనుమతి నిబంధనను సుప్రీంకోర్టు ఎక్సెల్ వేర్ కేసులో కొట్టివేస్తే, 1982 సవరణతో దాన్ని కొత్త రూపంలో తెచ్చి పరిమితిని 100కు దించారు. కొత్త కోడ్ దాన్ని మళ్లీ 300కు పెంచింది. 90 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. 60 రోజుల్లో ప్రభుత్వం ఏ సంగతీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే.

ఈ మార్పు మన ప్రాంతానికి చాలా ముఖ్యమైనది. చిలకలూరిపేట, గణపవరం ప్రాంతాల్లో వరుసగా కనిపించే నూలు మిల్లుల్లో చాలావాటికి శాశ్వత కార్మికుల జాబితా 300 దాటదు. మూడు షిఫ్టుల్లో కలిపి ఎంతమంది పనిచేస్తున్నా, ఒడిశా, బీహార్ నుంచి వచ్చి మిల్లు ఆవరణలోని గదుల్లోనే ఉండేవాళ్లు కాంట్రాక్టరు మస్టరులో ఉంటారు. మిల్లు ఆగిన వారానికి వాళ్లు రైలెక్కి వెళ్లిపోతారు, వాళ్లు పోగొట్టుకున్నది ఇక్కడి ఏ లెక్కలోకీ రాదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలన్న నియమం ఉంది. దాన్ని ఉపయోగించుకోవాలంటే ఆ మనిషి ఇక్కడ ఉండాలి.

అనుమతి నియమం పరిశ్రమలను కాపాడిందని నేను అనను. 100 పరిమితి ఉన్న కాలంలోనే జూట్ మిల్లులు, సహకార చక్కెర ఫ్యాక్టరీలు ఎన్నో ఆగిపోయాయి. అనుమతి అడగకుండా లాకౌట్ బోర్డు పెట్టేవాళ్లకు ఆ నియమం అడ్డు కాలేదు. కానీ మూసివేత మీద అధికారికంగా విచారణ జరిగే వేదిక అదొక్కటే. మధ్యస్థాయి మిల్లు కార్మికులకు ఆ వేదిక ఇప్పుడు లేదు.

కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే

2016 దివాలా స్మృతి వచ్చాక మరో మలుపు చేరింది. ఇప్పుడు చాలా మూతలు కార్మిక శాఖ దగ్గర కాక కంపెనీ లా ట్రిబ్యునల్‌లో తేలుతున్నాయి. అక్కడ ముందుగా మారటోరియం వస్తుంది, అంటే కంపెనీ మీద వసూలు కేసులు ఆగిపోతాయి. గ్రాట్యుటీ కోసం వేసిన కేసు కూడా అప్పుడు ముందుకు సాగదు. కార్మికులు తమ బకాయిని నిర్ణీత ఫారంలో, దివాలా ప్రక్రియను నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు క్లెయిముగా ఇవ్వాలి. గడువు ప్రకటన పత్రికలో వస్తుంది, అప్పటికి కార్మికులు ఎక్కడెక్కడో పనుల్లో ఉంటారు.

కొనేవాళ్లు దొరకక ఆస్తులు అమ్మవలసి వస్తే, అమ్మకపు ప్రక్రియ మొదలైన తేదీకి ముందు 24 నెలల కార్మికుల బకాయిలకు, తమ తనఖా హక్కును వదులుకొని వచ్చిన బ్యాంకులతో సమాన స్థానం ఉంటుంది. లాకౌట్ ఐదేళ్లు సాగి తరువాత దివాలాకు వస్తే ఆ 24 నెలల్లో కార్మికుడు చేసిన పని ఏముంటుంది? సాగదీత ఇక్కడ కూడా కార్మికుడికే నష్టం. ప్రక్రియ నడిచే కాలంలో కంపెనీ పనిచేస్తూ, కార్మికుడు నిజంగా పనిచేసి ఉంటేనే ఆ కాలపు జీతం ప్రక్రియ ఖర్చుగా ముందు చెల్లించాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఒక్క ఊరట ఏమిటంటే పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ నిధుల నుంచి కార్మికులకు రావలసిన సొమ్ము అమ్మకపు ఆస్తుల్లో కలవదు. కార్మిక సంఘం కూడా రుణదాత హోదాలో దరఖాస్తు చేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇది సంఘాల చేతికి వచ్చిన మంచి ఆయుధం, వాడినవాళ్లు తక్కువ.

మిల్లు కింద ఏముంది

ఏ ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకుంటుంది, ఏది తెరుచుకోదు అన్నదానికి నష్టాల పట్టిక చూస్తే సమాధానం దొరకదు. ఆ ఫ్యాక్టరీ ఏ నేల మీద ఉందో చూడాలి.

1936లో ఏర్పడిన ఆంధ్రా సిమెంట్స్ కథ మన ప్రాంతంలోదే. దాచేపల్లి దగ్గరున్న దాని ప్లాంటు ఉత్పత్తి ఆగి, దివాలా ప్రక్రియలోకి వెళ్లి, 2023 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆమోదంతో సాగర్ సిమెంట్స్ చేతికి వచ్చింది, తరువాత మళ్లీ నడిచింది. దానికి కొనుగోలుదారు రావడానికి కారణం పల్నాడు సున్నపురాయి. రాయి అక్కడే ఉంది కాబట్టి సిమెంటు అక్కడే చేయాలి. నూలు మిల్లుకు ఆ బంధం లేదు. రింగు ఫ్రేములను విప్పి లారీల్లో ఎక్కించి మరో రాష్ట్రంలో బిగించవచ్చు, కదురు ఎక్కడైనా తిరుగుతుంది. ఇక గుంటూరు నగరం నడిమధ్యలో జూట్ మిల్లు ఉంటే దాని కింద ఉన్నది స్థలం. 2014లో రాజధాని మాట వచ్చినప్పటి నుంచి విజయవాడ, గుంటూరుల మధ్య భూమి ధర ఎలా పెరిగిందో ఇక్కడ అందరికీ తెలుసు. సంచులు నేసి పదేళ్లలో సంపాదించేది స్థలం అమ్మి ఒక్క రోజులో వస్తుందని తెలిశాక ఆ మిల్లును నడపడానికి గట్టి కారణం ఏదైనా ఉండాలి. లాకౌట్‌ను ఎంత సాగదీస్తే స్థలం ధర అంత పెరుగుతుంది, గేటు ముందు టెంటు వేసుకున్న కార్మికుల సంఖ్య అంత తగ్గుతుంది.

ఈ చోట ప్రభుత్వం చేతిలో ఒక తాళంచెవి ఉంది. పారిశ్రామిక స్థలాన్ని నివాస, వాణిజ్య వినియోగానికి మార్చాలంటే ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. కార్మికుల బకాయిలు పూర్తిగా చెల్లించినట్టు కార్మిక శాఖ ధ్రువపత్రం లేనిదే ఆ మార్పు ఇవ్వకూడదని షరతు పెట్టడం కష్టమైన పని కాదు. బొంబాయి నూలు మిల్లుల భూములపై 1991లో వచ్చిన నిబంధనలు స్థలంలో కొంత భాగాన్ని నగరపాలక సంస్థకు, ప్రజా గృహనిర్మాణానికి వదలాలని శాసించాయి. 2001లో వాటిని పలుచన చేశారు. ఆ అనుభవం నుంచి నేర్చుకోవలసింది, షరతు పెట్టడంతో పాటు దాన్ని సడలించకుండా నిలబెట్టడం.

యజమానుల కష్టాలు అబద్ధమని నేను అనడం లేదు. 2022 మేలో పత్తి ధర 356 కిలోల క్యాండీకి లక్ష రూపాయలు దాటింది, అంతకుముందు ఏడాదితో పోలిస్తే రెట్టింపు. నూలు ధర ఆ వేగంతో పెరగలేదు. హెచ్‌టీ (హైటెన్షన్) కరెంటు కనెక్షన్ ఉన్న మిల్లు ఫ్రేములు ఆపేసినా, ఒప్పందం చేసుకున్న విద్యుత్ డిమాండులో 80 శాతానికి డిమాండు చార్జీ కట్టవలసిందే, కాబట్టి ఆపడం కూడా ఖర్చే. 2021లో పత్తి దిగుమతి మీద 11 శాతం సుంకం వచ్చింది. 2025 ఆగస్టు నుంచి డిసెంబరు చివరి వరకు దాన్ని ఎత్తివేశారు. సుంకం ఎత్తేస్తే మిల్లుకు ఊపిరి, పత్తి రైతుకు దెబ్బ. ఇక్కడ అన్న పత్తి పండిస్తాడు, తమ్ముడు మిల్లుకు వెళ్తాడు. ఆ ఇంట్లో ఈ వార్తను ఎలా చదవాలో ఎవరూ చెప్పలేరు.

లెక్కకు అందని నిరుద్యోగం

ఇన్ని గేట్లు మూతపడితే నిరుద్యోగ రేటులో కనిపించాలి కదా అని అడిగేవాళ్లుంటారు. కేంద్ర గణాంక శాఖ జరిపే శ్రామిక బల సర్వేలో వారపు లెక్క ప్రకారం, గడిచిన ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పని చేసినవాళ్లు ఉద్యోగం ఉన్నవాళ్లే. మిల్లు ఆగిన కార్మికుడు ఖాళీగా కూర్చోడు, కూర్చోలేడు. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తాడు, అద్దె ఆటో నడుపుతాడు, ఆయన భార్య తొడిమలు తీయడానికి వెళ్తుంది. లెక్కలో వాళ్లిద్దరూ ఉపాధి ఉన్నవాళ్లే. పోయింది నెలకు ఒకసారి వచ్చే జీతం, ఈఎస్ఐ కార్డు, పదేళ్ల సేవ నిండితే వచ్చే పీఎఫ్ పింఛను. ఆ పింఛను కనీస మొత్తం 2014 నుంచి నెలకు 1,000 రూపాయలే, అయినా తొమ్మిదో ఏట మిల్లు ఆగిపోయి మళ్లీ పీఎఫ్ ఉన్న పని దొరకనివాడికి అదీ లేదు.

గుంటూరులో పని దొరకదని ఎవరూ అనరు. ఇక్కడి పనికి రుతువులున్నాయి. పత్తి తీతలు, జిన్నింగు, పొగాకు గ్రేడింగు, మిర్చి కోతలు, యార్డు సీజను, శీతల గిడ్డంగులు. ఏడాది పొడవునా జీతం ఇచ్చిన కొద్ది చోట్లలో మిల్లు ఒకటి. దాని గేటు మూతపడితే కుటుంబం మొత్తం మళ్లీ రుతువుల లెక్కలోకి వస్తుంది. మా మేనమామ ఇప్పుడు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో కాటాల దగ్గర పనిచేస్తాడు. మేలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. ఆ నెల రోజులకు సరిపడా బియ్యం, కందిపప్పు మా అత్తయ్య ఏప్రిల్‌లోనే కొని పెట్టుకుంటుంది.